కూర్చుని తాగమన్న మాట

"జర కూసోని తాగరాదు" అన్నాడు ఆయన.

"కూసునే పుర్సత్ ఏడిది నాకు?" అన్నాను నేను.

మా ఆలుమగల మధ్య ఆఖరి మాటలు ఇవి. బిడ్డా, వీటినే ముందు రాయి. పుట్టిన ఊరు, పెరిగిన తీరు తర్వాత రాద్దువు గానీ.

పెద్ద దవాఖానలో మగవాళ్ల వార్డు. పొద్దున పూట. కొత్తవాడ నుంచి నడిచి వచ్చాను, ఒక చేతిలో జావ గిన్నె, ఒక చేతిలో నీళ్ల చెంబు. ఎండాకాలం, నాలుక పిడచకట్టుకుపోయింది. గిన్నె కింద పెట్టి, నిలబడే చెంబెత్తి గటగటా తాగాను. ఆయన ఇనుప మంచం మీద గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. మాట మాటకూ దమ్ము తీసుకుంటూ ఆ మాట అన్నాడు. నేను మూతి తుడుచుకుంటూ నా మాట అన్నాను. ఇంతలో డాక్టర్లు వస్తున్నారని ఆయమ్మ మమ్మల్నందరినీ బయటికి తోలింది. వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. మళ్ళీ లోపలికి పిలిచేసరికి దుప్పటి ముఖం మీదికి వచ్చింది. జావ గిన్నె మూత తీయనే లేదు.

ప్రవక్త గారు నీళ్లు కూర్చుని తాగేవారట. ఆయన నడిచిన తీరును మావాళ్లు సున్నత్ అంటారు. నా మొగుడు ఆ తీరులో నడవాలని పట్టుపట్టిన మనిషి. అందుకే అడుగుతున్నాను. ఆ పొద్దున నా అలసట చూసి కూర్చోమన్నాడా? నిలబడి తాగడం సున్నత్ కాదు కాబట్టి అన్నాడా? ఇంత చిన్న మాటకు ఇంత గొడవేంటని నువ్వనుకోవచ్చు. నాకిది ఆ ఒక్క పొద్దుటిది కాదు. పెళ్లినాటి నుంచి నెత్తిన మోస్తున్నాను. ఆయన నన్ను చేసుకున్నది నా కోసమా, సున్నత్ కోసమా?

ఇప్పుడు మా సంగతి రాయి.

మేము దూదేకులవాళ్లం. పత్తిని విల్లుతో ఏకి, పరుపులు, తలకింది మెత్తలు, బొంతలు కుట్టి బతికేవాళ్లం. ముసల్మానులమే, కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ మాట్లాడేవాళ్లు మమ్మల్ని చూసి "మీకు కల్మా వస్తదా?" అని, ముసల్మాను మొదట నేర్చే మాటే మాకు రానట్టు, నవ్వేవాళ్లు. పీర్ల పండుగకు ముందుండేవాళ్లం మేమే. ప్రవక్త గారి మాట వస్తే ఆడవాళ్లం తల మీద కొంగు వేసుకునేవాళ్లం. కానీ ఆయన ఎట్లా బతికారు, ఏం తిన్నారు, ఇంట్లో ఆడవాళ్లతో ఎట్లా మాట్లాడారు, ఇవి మాకెవరు చెప్పారు? తెలియకుండానే మొక్కేవాళ్లం.

నన్ను మొదట ఇచ్చింది మడికొండలో. నువ్వు పాలు తాగే పిల్లవు, మీ నాన్న పచ్చకామెర్లతో పోయాడు. మా అన్న నన్నూ నిన్నూ తన ఇంటికి తెచ్చుకున్నాడు. మా మతంలో విధవ మళ్ళీ పెళ్లి చేసుకోవచ్చు, తప్పులేదు. కానీ చుట్టుపక్కల రైతుల ఇళ్లల్లో విధవ ఎట్లా ఉంటే మేమూ అట్లాగే ఉండేవాళ్లం. పొద్దున్నే ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే నేను గోడ పక్కకు తప్పుకునేదాన్ని. పసుపు కొట్టే చోటికి పోయేదాన్ని కాదు. అది మా మతం చెప్పింది కాదని కూడా మాకు తెలియదు. రోజంతా అన్న వాకిట్లో కూర్చుని పాత పరుపుల దూదిని కట్టెలతో కొట్టేదాన్ని. ఒళ్లంతా దూదే. పొద్దుగూకేసరికి ముసలమ్మలా తెల్లబడేదాన్ని. ఈ దూది సంగతి గుర్తు పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఆయనది కొత్తవాడ. అక్కడ అందరూ మగ్గాల మీద తివాచీలు నేసేవాళ్లు, ఆ మగ్గాల చప్పుడు మధ్య వీళ్లదొక్కటే దూదేకుల ఇల్లు. తండ్రి లేడు, తల్లి ఉంది. విల్లు భుజాన వేసుకుని హనుమకొండ దాకా ఇల్లిల్లూ తిరిగేవాడు. హనుమకొండలో ఒక ముసలి పంతులు గారుండేవాడు, ఉర్దూ బడిలో చెప్పి దిగిపోయిన మనిషి. ఈయన వాళ్ల వాకిట్లో దూదేకుతుంటే ఆ పంతులు ముక్కుకు రుమాలు కట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకునేవాడు. విల్లు నారి ఒక పక్క మోగుతుండేది, పంతులు ఒక పక్క ప్రవక్త గారి జీవితం చెప్పేవాడు. సగం ఉర్దూ, సగం తెలుగు. ఈయనకు సగమే అర్థమయ్యేది. ఆ సగమే చాలు, ఇంటికి వచ్చి ఆచరణలో పెట్టేవాడు. ఒక కథ విన్న రోజు ఇంట్లో ఒక అలవాటు మారేది.

ప్రవక్త గారు ఇరవై అయిదేళ్ల వయసులో, నలభై ఏళ్ల విధవను పెళ్లి చేసుకున్నారు. ఆమే ఆయనకు మొదటి భార్య. పంతులు ఇది చెప్పిన రోజున ఈయన ఇంటికి పోయి, "అమ్మా, చేసుకుంటే నేను గట్లనే చేసుకుంట" అన్నాడట. మా అత్త నెత్తి కొట్టుకుంది. అప్పటికి ఆయనకు ఇరవై అయిదో, ఇరవై ఆరో.

మా అన్న పత్తి బస్తాలు వేయడానికి కొత్తవాడకు పోయేవాడు. అత్త ఏడుస్తూ ఈ గోడంతా మా అన్నకు చెప్పుకుంది. అన్న అక్కడికక్కడే, "నలభై ఏండ్లదే కావాలె అంటే మా చెల్లె ఉన్నదమ్మా" అన్నాడు. సాయంత్రం వచ్చి నాతో, "ఎవరన్న అడిగితే నలభై అను" అన్నాడు.

"నాకు నలభై ఏందన్నా? నెత్తి నెరిసిందా, పండ్లూడినయా?"

"ఊకో. పెండ్లిళ్లల్ల వయసు తక్కువ చెప్పుడు చూసిన గని, ఎక్కువ చెప్పుడు నేనే మొదలుపెట్టిన" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా వయసెంతో నాకు తెలియదు. ముప్పై కూడా ఉండి ఉండదు. ఆయన కంటే ఒకటి రెండేళ్లు పెద్దదాన్నేమో, లేక ఆయన ఈడుదాన్నేనేమో.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఆయన మా అన్న ఇంటికి వచ్చాడు. నేను వాకిట్లో దూది కొడుతున్నాను. దాక్కునే టైము లేదు. జుట్టు, కనుబొమ్మలు అన్నీ తెల్లగా ఉన్నాయి. గడప దగ్గర నిలబడి చూశాడు, అన్నతో రెండు మాటలు మాట్లాడి పోయాడు. "ఒప్పుకున్నడు" అన్నాడు అన్న. తెల్లజుట్టు చూసి నలభై అని నమ్మాడనుకున్నాను.

నికా అయింది. నిన్ను ఒళ్లో పెట్టుకునే కొత్తవాడ వచ్చాను. ఆ అబద్ధం మీద కాపురం చేయడం నాకు నచ్చలేదు. ఒకరోజు ఆయన మెత్త మూతి కుడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"మా అన్న చెప్పినట్టు నాకు నలభై లేవు."

ఆయన దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. తలెత్తలేదు. "మనకేమన్న సర్టిఫికెట్లున్నయా? ఉండనీ" అన్నాడు. అంతే. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఆయన గుణమే అంత అనుకున్నాను అప్పుడు. నాకు ఇంకా ఏదో వినాలని ఉండింది. అయినా ఏమడగాలి? లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

మంచి మనిషి. నన్ను ఒక్క రోజు ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క బూతు తిట్టలేదు. కొత్తవాడలో ఆ మాట ఎంతమంది ఆడవాళ్లు చెప్పగలరు? ప్రవక్త గారు తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని విని, తన చెప్పులు తానే కుట్టుకున్నాడు. ఇంటి పనుల్లో చేయి వేసేవారని విని, చీపురు పట్టి వాకిలి ఊడ్చాడు. మగ్గాల వాళ్లు వరుసగా నిలబడి చూశారు.

"ఏం తమ్మీ, మీ ఇంటామె కాలు విరిగిందా?" అని ఒకడు.

"కాలు మంచిగనే ఉన్నది. మీ ఇంటామె నడుము ఎట్లున్నది? ఒక్కనాడన్న అడిగినవా?" అన్నాడు ఈయన, ఊడుస్తూనే.

మా అత్త మాత్రం నా మీద పడేది. "నా కొడుకు చేత చీపురు పట్టిస్తవా?" అనేది. నేనెక్కడ పట్టించాను? లాక్కోబోతే ఇచ్చేవాడు కాదు.

మా ఇంట్లో ఇరుగుపొరుగు నవ్విన సంగతి ఇంకొకటుంది. ఊరందరికీ పరుపులు కుట్టే మనిషి పరుపు మీద పడుకోడు. ప్రవక్త గారు చాప మీద పడుకుంటే ఒంటి మీద చారలు పడేవట. అది విన్ననాటి నుంచి ఈయనకు ఈతచాపే. చలికాలం వచ్చింది. దగ్గు మొదలైంది, దూదేకేవాళ్లకు వచ్చే దగ్గే. నేను బొంతను నాలుగు మడతలు వేసి చాప మీద పరిచాను. ఆ పూట హాయిగా నిద్రపోయాడు, తెల్లవారు నమాజు తప్పిపోయింది. లేచి, "ఏం పరిచినవే?" అన్నాడు.

"బొంతనే. మడత పెట్టిన."

నవ్వాడు. ప్రవక్త గారి ఇంట్లోనూ ఇట్లాగే జరిగిందట. ఒక భార్య రెండు మడతల పక్కను నాలుగు మడతలు చేస్తే ఆయన నమాజుకు మెలకువ రాలేదట, మళ్ళీ రెండే మడతలు వేయమన్నారట. "నువ్వు ఎరికలేకనే గా పని చేసినవు" అని ఈయన సంబరపడ్డాడు. నేను వాళ్లింటి ఆడవాళ్ల లాగా చేశానని సంబరం. నేను చేసింది ఆయన దగ్గు చూసి. నా పనిలో కూడా ఆయనకు ఆ ఇల్లే కనిపించింది. నేను కనిపించానో లేదో. ఆ రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ అన్నాను.

ఆ రాత్రి నుంచి రెండు మడతలే వేశాను. దగ్గు పెరిగింది.

నిన్ను ఎట్లా చూసుకున్నాడో నీకే తెలుసు. ఆయన నమాజులో వంగితే నువ్వు వీపెక్కేదానివి. నువ్వు దిగేదాకా తల పైకెత్తేవాడు కాదు. మా అత్త "అది నీ నెత్తురు కాదురా" అంటే, ప్రవక్త గారు కూడా మనవరాలిని భుజాన వేసుకుని నమాజు చదివారని చెప్పేవాడు. నాకు ఆ మాట వింటే గుండెలో కలుక్కుమనేది. పిల్లను పిల్ల కాబట్టి మోయొచ్చు కదా? ప్రతిదానికీ ఒక కథ తోడు తెచ్చుకోవాలా?

ఎందుకు రాయడం ఆపావు? ఏమంటున్నావు?

"నా సంగతిల నాకేం అనుమానం లేదమ్మా. బాపు వీపు వెచ్చగుండేది. గంతే ఎరుక నాకు" అంటోంది నా బిడ్డ. సరే, అది కూడా రాయి. నీకు అనుమానం లేకపోవడం మంచిదే. నువ్వు ఆయనకు బిడ్డవు, నేను పెళ్లాన్ని. బిడ్డకు వీపు చాలు. పెళ్లానికి చాలదు.

ఆయనతో నాకు పిల్లలు కాలేదు. ఏళ్లు గడిచాయి. ఎమర్జెన్సీ వచ్చి పోయింది. మా అత్త నలుగురిలో, "నలభై ఏండ్లదాన్ని తెస్తే పిల్లలెట్లయితరు?" అనేది. నేను నోరు విప్పేదాన్ని కాదు. నలభై కాదంటే అన్న పరువు పోతుంది, ఆయన సున్నత్ పోతుంది. పిల్లలు కానిది నా వల్లో, ఎవరి వల్లో, అది వేరే. చివరికి ఒకరోజు అత్త ఆయన్ను అన్నం ముందు కూర్చోబెట్టి అడిగింది. నేను తడిక అవతల ఉన్నాను.

"అన్నీ ప్రవక్త లెక్కనే చేస్త అంటవు గద కొడుకా. ఆయన చానమందిని చేసుకున్నడట. నువ్వింకొకదాన్ని చేసుకో. నాకు మనుమడు కావాలె."

ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు.

"మొదటి భార్య బతికున్నన్ని దినాలు ఆయన ఇంకొకరిని చేసుకోలేదమ్మా. గది కూడ సున్నతే."

అత్త కంచం నెట్టేసింది. నాకు ఒక్క క్షణం ఒళ్లంతా చల్లబడింది. మరుక్షణం అనుమానం. అంటే ఇది కూడా ప్రవక్త గారి కోసమేనా? ప్రవక్త గారు ఇంకొకరిని చేసుకుని ఉంటే ఈయనా చేసుకునేవాడా? నా మీద సవతి రాకపోవడానికి కారణం ఎప్పుడో పోయిన ఒక మహాతల్లి, నేను కాదు. ఆమె మీద నాకు అసూయ కలిగింది. అంతటి ఆమె మీద అసూయ అని చెంపలు వేసుకున్నాను, అయినా పోలేదు.

సాయంత్రం ఆయన్ను గిల్లాను. "అంటే నేను సచ్చినంక చేసుకుంటవన్నట్టు?"

"నువ్వు సావకు" అన్నాడు.

"సస్తే?"

"నీ కన్న ముందు నేనే పోత. నువ్వు గట్టిదానివి." మళ్ళీ విల్లు అందుకున్నాడు. ఆ నారి మోగితే ఇంకేమీ వినపడదు. ఆయనకు మాట తప్పించుకోవాలంటే ఆ నారే దారి.

తర్వాత మిషన్లు వచ్చాయి. కరెంటుతో దూది ఏకే మిషన్ బజారులో పెట్టారు. విల్లు పట్టుకుని తిరిగేవాళ్లకు పని తగ్గింది. ఈయన బొంతలు కుడుతూ, పాత పరుపులు విప్పుతూ ఇంట్లోనే ఉండిపోయాడు. పాత దూది దుమ్ము ఇంకా చెడ్డది. దగ్గు ముదిరి దమ్ములోకి, ఉబ్బసంలోకి దిగింది. డాక్టరు, తల కింద ఎత్తు పెట్టుకుని మెత్తటి పక్క మీద పడుకోవాలి అన్నాడు. ఇంటికి వచ్చి పరుపు పరిచాను. నేను కుట్టిన పరుపే. ఆయన దాన్ని పక్కకు చుట్టి చాప వేసుకున్నాడు.

అప్పుడు మాత్రం అరిచాను. వీధి వీధంతా విన్నది. "ప్రవక్త గారికి దమ్ము ఉండెనా? దమ్ము ఉన్నోన్ని గీ చాప మీదనే పండుమని ఆయన చెప్పిండా? పంతులును పిలువు, నా ముంగట చెప్పమను!"

"చెప్పలేదు" అన్నాడు మెల్లగా.

"మరి?"

"అలవాటైంది."

ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అలవాటైందా? అంటే అన్నీ అలవాట్లేనా? నేను కూడానా? మరునాడు పరుపు మీద పడుకున్నాడు. నా అరుపుకు భయపడో, డాక్టరుకు భయపడో. కానీ అప్పటికే ఆలస్యమైంది. పడుకోలేక కూర్చునే నిద్రపోయేవాడు. దవాఖానలో చేర్చిన రోజున ఇనుప మంచం మీద పరుపును తట్టి, అంచు తిప్పి కుట్టు చూశాడు. "మన కుట్టు గాదు గిది. గోనెసంచుల పీచు కుక్కిన్రు" అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ఆ తర్వాత రోజుల్లోనే ఆ పొద్దున, ఆ నీళ్ల చెంబు.

ఆయన పోయిన తర్వాత నేను ఇద్దత్ కూర్చున్నాను. మొగుడు పోయిన ఆడది కొన్నాళ్లు గడప దాటకుండా ఇంట్లోనే ఉండాలి. నేనూ అత్తా, ఇద్దరమే ఇంట్లో. నువ్వు అప్పటికి అత్తగారింట్లో ఉన్నావు. అత్త కొడుకును పోగొట్టుకుని సగం పిచ్చిదైంది. ఒకరోజు మధ్యాహ్నం నేను తల దువ్వుకుంటుంటే ఎదురుగా కూర్చుని నా జుట్టునే చూసింది. అప్పటికి నిజంగానే నెరుస్తోంది.

"ఇప్పుడచ్చిందా తెలుపు? పెండ్లి నాడు నలభై అంటిరి గద మీరు" అంది.

నేను దువ్వుకుంటూనే ఉన్నాను.

"నువ్వు నన్ను మోసం చేసిన్ననుకుంటానవు. నువ్వు గాదు, నా కొడుకు చేసిండు. మీ అన్న ఇంటికి పోయచ్చిన నాడు నాతోని ఏమన్నడో ఎరికేనా? 'దూది దులిపితే నల్లటి నెత్తేనే అమ్మా, నువ్వు ఎవ్వలకు చెప్పకు' అన్నడు. విధవను తెస్త అంటే నేను గడప తొక్కనియ్యనని వానికెరుక. అందుకే నలభై అనే ఉండనిచ్చి, ప్రవక్త పేరు అడ్డం పెట్టిండు. నా నోరు మూపిచ్చిండు. నిన్ను చూసినంక మనసుపడ్డడు ముండకొడుకు."

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది.

దూదేకేవాడికి దూదికీ నెరిసిన జుట్టుకూ తేడా తెలియదా? పుట్టిననాటి నుంచి దూదిలో బతికిన మనిషి. ఇన్నేళ్లూ నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదు? ఆయన ఆ గడప దగ్గర నిలబడి చూసింది గుర్తొచ్చింది. దబ్బనంలో దారం ఎక్కిస్తూ "ఉండనీ" అన్నది గుర్తొచ్చింది. నలుగురిలో నన్ను నలభై ఏండ్లదన్న అత్తకు కూడా నిజం తెలుసన్నమాట. మొగుడు పోయి ఇద్దత్‌లో కూర్చున్న ఆడదాన్ని, నాకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ సంతోషం ఆ పూట కూడా నిలవలేదు. ఎందుకో చెప్తాను. అత్త మాట నిజమైతే, ఆయన నన్ను నా కోసమే తెచ్చుకున్నాడు. మంచిదే. కానీ దానికి ప్రవక్త గారి పేరు వాడుకున్నాడు, తల్లిని మోసం చేశాడు. ప్రవక్త గారంటే ప్రాణం పెట్టినవాడే ఆయన పేరును అడ్డం పెట్టుకుంటాడా? అత్త మాట అబద్ధమైతే, ఆయన మీద మచ్చ లేదు. అప్పుడు నేను ఒక పుణ్యకార్యం మాత్రమే, పెళ్లాన్ని కాదు. నాకు కావలసింది నాకు దక్కితే ఆయనకు తప్పు అంటుకుంటుంది. ఆయన్ను తప్పు లేకుండా ఉంచుకుంటే నా చేతిలో ఏమీ మిగలదు. ఇదీ నా గొడవ.

నాలుగు రోజులాగి అత్తను మళ్ళీ అడిగాను. "నేనెప్పుడన్న? నాకు గుర్తు లేదు" అంది. కావాలని అందో, మరిచిపోయిందో. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే ఆమె కూడా పోయింది.

ఇద్దత్ ముగిసిన తర్వాత హనుమకొండ పంతులు గారి ఇంటికి పోయాను. ఆయన కోసం ఈయన సగం కుట్టి వదిలిన బొంత ఉండింది, నేను పూర్తిచేసి ఆటోలో తీసుకుపోయాను. పంతులు బాగా ముసలివాడైపోయాడు, చూపు ఆనదు. బొంత మీద చేయి వేసి తడిమాడు. "ఇక్కడి దాకా ఆయన, ఇక్కడి నుంచి నువ్వు" అన్నాడు, చేత్తో తెలిసిపోయింది కాబోలు. నేను తలుపు పక్కన నిలబడి, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను. ఒక మనిషి ప్రవక్త గారి తీరు అని చెప్పి ఒక పని చేశాడు, కానీ లోపల తన కోరిక కూడా ఉంది, ఆ పని ఎవరి ఖాతాలో పడుతుంది?

పంతులు బొంత ఒళ్లోకి లాక్కుని చెప్పాడు. పనులన్నీ మనసులోని ఉద్దేశాన్ని బట్టే ఉంటాయని ప్రవక్త గారు చెప్పారట. అల్లా కోసం ఊరు విడిచి వచ్చినవాడికి ఆ ఫలం, ఒక ఆడదాన్ని పెళ్లాడాలని వచ్చినవాడికి ఆ ఆడదే ఫలం అన్నారట.

"రెండూ ఉంటే?" అన్నాను.

"రెండూ ఉంటే..." అని బొంత కుట్టును మళ్ళీ తడిమాడు. "కథలు చెప్పినోన్నమ్మా నేను. ఆయన మనసుల ఏముండెనో నాకెట్ల తెలుస్తది? ఆయనకు చెప్పేటప్పుడు నేను కూడ అనుకోలే, గిట్ల మనసుల పెట్టుకుంటడని. ఏదో దూదేకేటప్పుడు పొద్దు పోవాలెనని చెప్పిన." నాకు చాయ్ ఇప్పించాడు. నిలబడి తాగబోయి, గడప మీద కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను నీళ్లు కూర్చునే తాగుతున్నాను. ఎవరి కోసం అని నువ్వు అడిగితే, ప్రవక్త గారి కోసమని చెప్పాలి. కానీ చెంబు చేతిలోకి తీసుకోగానే గుర్తొచ్చేది ఆ ఇనుప మంచం. నా ఉద్దేశమే నాకు సరిగా తెలియదు, ఇక ఆయనది ఎట్లా తేలుస్తాను? ఒక్కోసారి అనిపిస్తుంది, ఆయన ఆ గడప దగ్గర నన్ను చూసి మనసుపడి, తల్లి ముందు ఆ కథనే అడ్డం పెట్టి, తర్వాత చెప్పిన మాటకు కట్టుబడి బతుకంతా ఆ కథలోకి నడిచాడేమోనని. ఆ చీపురు, ఆ చాప, నా మీద సవతిని తేకపోవడం, అన్నీ ఆ మొదటి అబద్ధాన్ని నిజం చేయడానికేనేమో. మరునాడు అట్లా అనిపించదు. మంచివాణ్ణి పట్టుకుని ఏమేమో అంటున్నానని భయమేస్తుంది. రాత్రి నమాజులో ఆయన్ను క్షమించమని అల్లాను అడుగుతాను, తప్పు చేశాడో లేదో తెలియకుండానే.

ఇంతే బిడ్డా. ఇంకేమీ లేదు. నాకు నా పేరు రాయడం తప్ప అక్షరాలు రావు, నువ్వు ఏం రాశావో నాకు తెలియదు. ఏదైనా బాగా లేదని మార్చావా? మార్చకు. ముండకొడుకు అన్న మాట కూడా ఉండనీ, ఆమె కొడుకునే కదా తిట్టుకుంది.

మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన గొంతు నీకు గుర్తుంది కదా, నాకంటే ఎక్కువగా నువ్వే ఆయన వెంట తిరిగావు. దవాఖానలో అన్న ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు గబగబా చదివేయకు. ఆయన ఎట్లా అనేవాడో అట్లా చదువు, దమ్ము తీసుకుంటూ. నా మాట ఎట్లా చదివినా ఫరవాలేదు. ఆయన మాట వింటే, అది ఎవరి కోసమో నాకు తెలుస్తుందేమో చూస్తాను. తెలియకపోతే మళ్ళీ చదివించుకుంటాను.

ఆగు, ఆ పీట ఇటు జరుపు. కూర్చున్నాను. చదువు.